పాలు పొంగితేనే పట్టా

జూన్ తొమ్మిదో తేదీ, సోమవారం, ఉదయం పదకొండు గంటలకు కదంబగిరి విశ్వవిద్యాలయ పరిపాలనా భవనంలోని చిన్న సమావేశ మందిరంలో గృహ విపణి స్థిరీకరణ సంఘం తొలిసారి సమావేశమైంది. హాజరైనవారు: అధ్యక్షులుగా రిజిస్ట్రార్ డాక్టర్ ఓరుగంటి సదాశివమూర్తి గారు, అర్థశాస్త్ర శాఖ నుంచి ఆచార్య ముదిగొండ పరబ్రహ్మం గారు, పట్టణ ఇళ్ల యజమానుల సంక్షేమ సంఘం తరఫున శ్రీ గ్రంధి కోటిలింగం గారు, పరీక్షల విభాగం నుంచి సహాయ రిజిస్ట్రార్ పేరి చక్రధరం, మినిట్స్ రాసుకోవడానికి గ్రంథాలయం నుంచి నేను. ఉప్మా, కాఫీ కూడా హాజరయ్యాయి. వాటి విషయంలో సభ్యుల మధ్య భేదాభిప్రాయం తలెత్తలేదు.

సమస్య కొత్తది కాదు. కదంబగిరిలో ఫ్యాక్టరీ లేదు, గని లేదు, రేవు లేదు. ఉన్నది విశ్వవిద్యాలయం. ఊరంతా దానికి గదులు అద్దెకిచ్చి బతుకుతుంది. ఏటా వేసవి చివర ఆఖరి సంవత్సరం విద్యార్థులు ప్రొవిజనల్ సర్టిఫికెట్లు చేతబట్టుకుని మూటాముల్లె సర్దుకుంటారు. ఆ మర్నాడే గేటు గేటుకీ టులెట్ బోర్డు వేలాడుతుంది. కొత్తవాళ్లు శ్రావణం దాటితే గాని రారు. ఈ మధ్యకాలంలో అద్దెలు కిందికి చూడటం మొదలుపెడతాయి.

"అయ్యా, మీరు ఏడాది పొడుగునా పాఠాలు చెప్తారు, బానే ఉంది," అన్నారు కోటిలింగం గారు. "తీరా వేసవొచ్చేసరికి అందర్నీ ఒక్కసారే పాస్ చేసి పారేస్తారు. కొందర్నన్నా ఆపుదామని ఉండదా అండీ మీకు? మొన్నొకాయన మా ఇల్లు చూడ్డానికొచ్చి బేరమాడతన్నాడు. నా ఇంటికి! చేపల మార్కెట్లో ఆడినట్టు!"

"ఉత్తీర్ణత విశ్వవిద్యాలయ ధర్మం కదా, కోటిలింగం గారూ," అన్నారు రిజిస్ట్రార్ గారు.

"ధర్మం కాదని ఎవరన్నారండీ. కాస్త చూసి చెయ్యమంటన్నాం."

పరబ్రహ్మం గారు లేచి బోర్డు మీద రెండు గీతలు గీశారు. ఒకటి పైకి పోయింది, ఒకటి కిందికి. అవి కలుసుకున్నచోట చుక్క పెట్టి, చాలాసేపు దాన్నే చూసి, ఇలా అన్నారు:

"పట్టభద్రుడనగా ఎవరు? మనం ఇంతకాలమూ అతన్ని విద్యావంతుడిగా నిర్వచించుకున్నాం. అది భావుకత. విపణి దృష్టిలో పట్టభద్రుడు కేవలం ఒక రిక్తతాకారకుడు. మనం పట్టా ఇచ్చిన ప్రతిసారీ, వాస్తవానికి ఒక ఖాళీ గదిని ముద్ర వేసి పట్టణం మీదికి వదులుతున్నాం."

రిజిస్ట్రార్ గారు చెంచా కింద పెట్టారు. నాకు తెలిసి ఉప్మా పూర్తికాకుండా వారు చెంచా దించడం అదే మొదలు. కొద్దిసేపట్లోనే మొదటి తీర్మానం తయారైంది: ఏ విద్యార్థి అయినా తాను విడిచిపెట్టే గదిలో మరొకరు ప్రవేశించినట్టు నిరూపించిన పిదప మాత్రమే ప్రొవిజనల్ సర్టిఫికెట్టుకు అర్హుడు కాగలడు.

నిరూపణ ఎలా అన్నది తరువాతి ప్రశ్న. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోతుందా?

"అగ్రిమెంటా?" కోటిలింగం గారు నవ్వారు. "కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపులో పాత తేదీతో కూడా చేసిస్తారండీ."

పోనీ, అద్దె రశీదు?

"అది నేనే రాసిస్తా. ఎన్ని కావాలి?"

అప్పుడు చక్రధరం నోరు తెరిచాడు. అతను బుద్ధిమంతుడు, కొత్తగా పెళ్లయినవాడు. సభల్లో మాట్లాడే అలవాటు లేదు.

"మనూళ్లో ఎవరు ఏ ఇంట్లో దిగినా ముందు పాలు పొంగిస్తారు కదా సార్. దేవుడు లేడనేవాళ్లు కూడా పొంగించాకే సామాన్లు విప్పుతారు. అదొక్కటీ ఎవరూ దొంగగా చెయ్యరండీ."

రిజిస్ట్రార్ గారి ముఖం వెలిగింది. వారు కళ్లు మూసుకుని, నెమ్మదిగా, నేను రాసుకోవడానికి వీలుగా, పలికారు: "క్షీరోద్గమ ధ్రువపత్రం."

చక్రధరం ఆ తరువాత చాలా రోజులు సభల్లో మాట్లాడలేదు.

ధ్రువపత్రాల జారీ బాధ్యతను పరీక్షల విభాగానికి అప్పగించారు. ఆ విభాగానికి ఏ పనినైనా పరీక్షగా నిర్వహించడమే తెలుసు. కనుక పాలు పొంగించే ప్రతి కుటుంబానికీ హాల్ టికెట్ వచ్చింది. ప్రతి పొయ్యి దగ్గరా ఒక పరిశీలకుడు నిలబడ్డాడు. పొంగు అనగానేమి అన్న ప్రశ్నకు నియమావళి స్పష్టమైన సమాధానమిచ్చింది: పాలు గిన్నె అంచు దాటి, పొయ్యి మీద పడి, వినబడునట్లు చుయ్‌మనవలెను. అంచుదాకా వచ్చి మనసు మార్చుకున్న పాలకు గ్రేసు మార్కులు కలిపే అధికారం రిజిస్ట్రార్‌ది. విరిగిన పాలు సప్లిమెంటరీకి వెళతాయి. గేదె పాలు ప్రథమ శ్రేణి. ప్యాకెట్లో టోన్డు పాలు ద్వితీయ శ్రేణి. ఇండక్షన్ పొయ్యి మీద పొంగినవి పొంగినట్టా కాదా అన్నది న్యాయ సలహాదారుకు నివేదించారు.

ఫ్లయింగ్ స్క్వాడ్ రెండో రోజే ఒక కేసు పట్టింది. పక్కపక్క ఇళ్లలో ఇద్దరు విద్యార్థులు ఒకే గిన్నెను పిట్టగోడ మీదుగా అందించుకుని, ఒకే పాలను రెండు గదుల్లో పొంగించారు. మాస్ కాపీయింగ్ కింద ఇద్దర్నీ నిలిపివేశారు. ఇంకొక విద్యార్థి, తన గదిలో పాలు పొంగినా పొంగలేదని రాశారంటూ రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడు. నిపుణుల బృందం అతని గదికి వెళ్లేసరికి ఇంటావిడ పొయ్యి తుడిచేసింది. జవాబుపత్రాన్ని ధ్వంసం చేసినందుకు ఆమెకు నోటీసు వెళ్లింది.

ఇన్ని ఒడిదొడుకులున్నా పథకం మొదట్లో బ్రహ్మాండంగా నడిచిందని ఒప్పుకోవాలి. ఆఖరి సంవత్సరం విద్యార్థులు అద్దెకు దిగే మనుషులను వెతుక్కుంటూ బస్టాండులో కాపు కాశారు. కదంబగిరిలో బస్సు దిగిన ఏ ప్రయాణికుడికీ ఆ రోజుల్లో తన పెట్టె తాను మోసుకునే అవకాశం దక్కలేదు. మేనమామను చూసిపోదామని వచ్చిన ఒక పెద్దమనిషి సాయంత్రానికల్లా మూడు వీధుల్లో మూడు గదులకు అద్దెదారుడై, మేనమామ ఇంటికి దారి మరిచిపోయాడు.

అంతలో ఆషాఢం వచ్చింది.

ఆషాఢంలో మా ప్రాంతంలో ఎవరూ కొత్త ఇంట్లో దిగరు. దిగనివ్వరు కూడా. ఈ సంగతి సంఘ సభ్యులందరికీ పుట్టినప్పటినుంచీ తెలుసు. ఎజెండాలో లేనందువల్ల ఎవరికీ గుర్తు రాలేదు. పాలు పొంగడం ఆగింది. ధ్రువపత్రాలు ఆగాయి. ధ్రువపత్రాలు ఆగేసరికి సర్టిఫికెట్లు ఆగాయి. సర్టిఫికెట్లు లేక విద్యార్థులు కదలలేదు. చదువు అయిపోయినా, గదిలోనే ఉండి, అద్దె కడుతూ, పైకప్పు చూస్తూ కూర్చున్నారు.

రెండో సమావేశంలో కోటిలింగం గారు అందరికీ కాజాలు పంచిపెట్టారు.

"ఒక్క టులెట్ బోర్డు చూపించండి ఊళ్లో! ఒక్కటి!"

పరబ్రహ్మం గారు బోర్డు మీద ఒకే ఒక్క గీత గీశారు. అది నిటారుగా, ఎటూ వంగకుండా ఉంది. "చదువు పూర్తయినవారు పోవడం లేదు. చదవవలసినవారికి రావడానికి చోటు లేదు. విపణి సంపూర్ణ సమతౌల్యానికి చేరుకున్నది," అన్నారు. అటువంటి దృశ్యాన్ని వారు పుస్తకాల్లో తప్ప చూసి ఎరుగరు.

ఆ సమతౌల్యంలోకి తలుపు తోసుకుని ఒక అమ్మాయి వచ్చింది. పేరు యాళ్ళ సుభాషిణి. భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ, తరగతిలో మొదటి స్థానం. ఒక భూగర్భజల సర్వే సంస్థలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఆ ఏడు ఆ సంస్థ ఎంపిక చేసిన ఏకైక అమ్మాయి ఆమే. జులై ఏడో తేదీ ఉదయం ప్రొవిజనల్ సర్టిఫికెట్టుతో చేరాలి. చేరకపోతే ఆ చోటు జాబితాలో తరువాతివారికి పోతుంది.

"సార్, నేను సబ్జెక్టులన్నీ పాసయ్యాను. గది ఖాళీ చెయ్యడంలో ఫెయిలయ్యానని మీ ఆఫీసులో చెప్తన్నారు."

"ఫెయిల్ అనే పదం వాడకూడదమ్మా," అన్నారు రిజిస్ట్రార్ గారు దయగా. "నిలుపుదల అనాలి."

"ఏదన్నా అనండి సార్. నా గదికి ఎవరూ రావట్లేదు. డాబా మీద రేకుల గది, నెత్తిన నీళ్ల ట్యాంకు. వచ్చినోళ్లు గది చూసి, ట్యాంకు చూసి, ఆషాఢం వెళ్లాక చెప్తామంటన్నారు."

"ఆషాఢం వెళ్లేది ఎప్పుడు?"

"నా ఉద్యోగం వెళ్లాక సార్."

రిజిస్ట్రార్ గారు కదిలిపోయారు. వారిది కఠిన హృదయం కాదు. నియమం దొరికితే ఎవరికైనా సాయపడతారు. అడ్డంకి ఆషాఢమని తేలింది గనుక, దాన్ని తొలగించే అధికారం ఎవరిదని విచారించారు. సంవత్సరంలో ఏ నెలలో ఏం జరగాలో నిర్ణయించేది అకడమిక్ క్యాలెండర్. క్యాలెండర్‌ను సవరించే అధికారం అధ్యక్షులకు ఉంది. ప్రతిపాదించవలసిందిగా కోరగా కోటిలింగం గారు కాజా నములుతూ చెయ్యెత్తారు. మర్నాడు నోటీసు బోర్డు మీద ఈ ప్రకటన వెలసింది:

"నిర్వహణాపరమైన కారణాల వల్ల ఈ విద్యా సంవత్సరపు ఆషాఢ మాసము వాయిదా వేయడమైనది. కొత్త తేదీలు త్వరలో ప్రకటించబడును."

సుభాషిణి దాన్ని రెండుసార్లు చదివి, మెట్లు దిగుతున్న కోటిలింగం గారిని ఆపింది.

"అయితే ఇప్పుడు మీ ఇళ్లల్లో ఎవరన్నా దిగొచ్చా అండీ?"

"అదెలాగమ్మా! తీర్మానం తీర్మానమే, ఆషాఢం ఆషాఢమే. నా ఇళ్లల్లో పాలెలా పొంగనిస్తాను? ఇల్లుగలవాణ్ణి."

ఊళ్లో ఈ ప్రకటనను నమ్మినవాళ్లు బహుశా కొత్త పెళ్లికొడుకులు మాత్రమే. ఆషాఢంలో అత్తా కొత్త కోడలూ ఒకే గడప దాటకూడదని, పెళ్లయిన మొదటి ఏడు కోడలిని పుట్టింటికి పంపించేస్తారు కదా. చక్రధరం భార్య ఇందుమతి పక్క ఊళ్లో పుట్టింట్లో ఉంది. అతను ప్రకటన ప్రతిని ఇంటికి పట్టుకెళ్లి తల్లికి చూపించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని సంతకం దాకా చదివింది.

"మీ రిజిస్ట్రారు వాయిదా వేస్తే ఆగుద్దేంట్రా? ముందు వాళ్లావిడ్నడిగి రాయమను."

మర్నాడు సాయంత్రం చక్రధరం నిలుపుదల కేసుల తనిఖీ కోసం సుభాషిణి ఉంటున్న ఇంటి డాబా ఎక్కాడు. ఇంటావిడ వరహాలమ్మ అక్కడ వడియాలు ఎత్తుతోంది. అయిదేళ్లుగా సుభాషిణికి ఆ గది ఇచ్చి, ఆ అమ్మాయి చదువంతా తానే చదివినట్టు అలసిపోయిన మనిషి.

"వచ్చాడమ్మా పాల పంతులు!" అంది. "ఏం నాయనా, పిల్ల బస్సెక్కేదాకా ఉంచుతారా, ముసలమ్మయ్యేదాకానా? కొత్త పెళ్లికొడుకువి, నీ మొహమేంటి అట్టా ఉంది?"

చక్రధరం మొహమాటపడుతూనే చెప్పాడు. ఇందుమతి సంగతి, అమ్మ సంగతి, గడప సంగతి.

"అంతేనా?" వరహాలమ్మ చేట కింద పెట్టింది. "ఒకే గడప దాటకూడదు, అంతేగా? రెండు గడపలుంటే ఏ ఆషాఢం ఏం చేస్తది?"

గదిలో పుస్తకాలు కడుతున్న సుభాషిణి తాడు వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. చక్రధరం గుమ్మాన్ని చూశాడు. గుమ్మానికి గడప ఉంది. కాస్త చెదలు పట్టినా, గడపే.

"అన్నయ్యగారూ, ట్యాంకు పొంగినప్పుడు శబ్దం వస్తది గానీ, గాలి బాగా వస్తదండీ," అంది సుభాషిణి. అయిదేళ్లలో ఆమె ఆ గదిని పొగడటం అదే మొదటిసారి.

"కానీ ఆషాఢంలో పాలు..."

"నేను రోజూ పొద్దున్నే కాస్తన్నా," అంది వరహాలమ్మ. "మరిచిపోయి ఇటు తిరిగితే చాలు, రోజూ పొంగుతానే ఉన్నయ్. ఇది ఏ నెలా అని అవెప్పుడూ అడగలేదు. ఇల్లు నాది, నాకే బాధా లేదు. మొగుడూ పెళ్లాం కలిసుండటానికి పనికిరాకపోతే ఇంక గదెందుకయ్యా?"

అతను అక్కణ్నుంచే తల్లికి ఫోన్ చేశాడు. అవతలి మాటలు డాబా మీద ఎవరికీ వినబడలేదు. పెట్టేసి, "కూరలు పంపిస్తుందట," అన్నాడు.

కానీ నియమావళిలో ఒక నిబంధన ఉంది: పరిశీలకుడు తన పాలను తానే మూల్యాంకనం చేసుకోరాదు. తక్కిన పరిశీలకులందరూ ఆషాఢం మూలంగా పనిలేక సెలవు మీద వెళ్లారు. కాబట్టి రిజిస్ట్రార్ గారే స్వయంగా రావాలి. జులై ఆరు, ఆదివారం సాయంత్రం వారు వచ్చారు. వెంట సంతకానికి సిద్ధంగా సుభాషిణి ప్రొవిజనల్ సర్టిఫికెట్టు పట్టుకుని నేను. సుభాషిణి బస్సు కాసేపట్లో ఉంది. ఆమె పెట్టె మెట్ల దగ్గర నిలబెట్టి ఉంది. ఇందుమతి పుట్టింటి నుంచి నేరుగా డాబా మీదికి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని, పసుపు రాసిన గిన్నెలో పాలు పోసింది.

వెలిగించబోయే సమయానికి కోటిలింగం గారు ఆయాసపడుతూ పైకి వచ్చారు.

"ఆపండి! ఇది చెల్లదండీ! ఆషాఢంలో పాలు పొంగిస్తే ఊళ్లో అద్దెలకే అరిష్టం! ఇయ్యాల ఈ అమ్మాయి పోద్ది, రేపు మా ఇంట్లో వాళ్లు పోతామంటారు!"

"నీ ఇంట్లోవాళ్లు ఆషాఢానికి కాదయ్యా, నీ గోడల చెమ్మకి పోతారు," అంది వరహాలమ్మ. "ముందు సున్నం కొట్టించు."

రిజిస్ట్రార్ గారు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపారు. "కోటిలింగం గారూ, మీ అభ్యంతరం ఆషాఢానికి సంబంధించినది. ప్రస్తుతం ఆషాఢం అమలులో లేదు. తీర్మానాన్ని ప్రతిపాదించినవారు తమరే. మినిట్స్‌లో ఉన్నది."

కోటిలింగం గారు నావైపు చూశారు. ఉన్నదని తల ఊపాను. వారు పిట్టగోడ మీద కూలబడ్డారు.

పొయ్యి వెలిగింది. రిజిస్ట్రార్ గారు నిలబడి గిన్నెలోకి చూస్తున్నారు. అంతలో వారికొక ఆలోచన వచ్చింది. వారికి ఆలోచన వస్తే దిగంతాలను చూస్తూ చెప్పడం అలవాటు. పట్టణం వైపు తిరిగారు.

"రాసుకోండి. ఇది ఒక జంటకు పరిమితం కారాదు. ఆషాఢంలో అత్తవారింట ఉండలేని నవవధువులు ఎందరు! ఖాళీ కావలసిన గదులు ఎన్ని! ఈ రెంటినీ అనుసంధానించినచో రిక్తత అనేది ఉండదు. నవదంపతుల నియోజన పథకం! ఆఖరి సంవత్సరం ఫలితాలకు పక్షం రోజుల ముందు పట్టణంలో తగినన్ని వివాహాలు జరిగేలా పరీక్షల విభాగం చర్యలు గైకొనవలెను. పెళ్లిళ్ల టైమ్‌టేబుల్‌ను..."

చుయ్‌మంది.

ఆయన ఇటు తిరిగేసరికి పాలన్నీ పొయ్యి మీద నుంచి గచ్చు మీదికి ధార కట్టాయి. ఇందుమతి చప్పట్లు కొట్టబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"నేను చూడలేదు," అన్నారు రిజిస్ట్రార్ గారు.

"మేమందరం చూశాం కదా సార్!" అన్నాడు చక్రధరం.

"మీరు సాక్షులు. పరిశీలకులు కారు. కళ్లారా చూడని పొంగుకు నేను సంతకం పెట్టలేను నాయనా. పెట్టాలని నాకు మాత్రం లేదా?"

ఆ చివరి మాట నిజమే. ఆయన చేతిలోని కలం మూత తీసి ఉంది. సుభాషిణి పెట్టె మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఖాళీ గిన్నెను చూస్తోంది. వీధి చివర ఒక బస్సు హారన్ వేసింది. ఆమెది కాదు, దానికి ముందుది.

వరహాలమ్మ గబగబా కిందికి దిగి, ఒక చెంబు పట్టుకుని పైకి వచ్చింది.

"తోడు పెట్టుకోడానికి ఉంచిన పాలు. ఇంట్లో ఇవే ఆఖరు. ఈసారి పట్టణాన్ని వదిలేసి గిన్నెని చూడండి బాబూ, మీకు పుణ్యముంటది."

రిజిస్ట్రార్ గారు బకెట్టు బోర్లించుకుని పొయ్యి ముందు కూర్చున్నారు. వంగి, గిన్నెకు జానెడు దూరంలో ముఖం పెట్టి, రెప్ప వేయకుండా చూశారు. నోరు గట్టిగా మూసుకున్నారు. ఆ శ్రమకు చెవులు ఎర్రబడ్డాయి. పాలు మెల్లగా అంచుల వెంట చిన్న చిన్న బుడగలు కట్టాయి. మీగడ మధ్యలో ఉబ్బింది. సరిగ్గా అప్పుడు ఆవిరి ఎగసి, కళ్లద్దాలు తెల్లగా మూసుకుపోయాయి.

"కనబడటం లేదు!"

"తీసెయ్యండి సార్!" అన్నారు కోటిలింగం గారు. తానేం అంటున్నారో ఆయనకే తెలిసినట్టు లేదు.

"తీస్తే అసలే కనబడదు!"

సుభాషిణి లేచింది. ఆయన ముక్కు మీది కళ్లజోడు లాగి, చున్నీ కొసతో రెండు అద్దాలూ ఒక్క తుడుపు తుడిచి, మళ్లీ ఆయన చెవులకు తగిలించింది. పాలు అంచున ఒక్క క్షణం ఆగాయి. తరువాత ఒక పక్కనుంచి ఒరిగి, గిన్నె ఒంటిమీదుగా తెల్లగా జారి, మంట మీద పడి చుయ్‌మన్నాయి.

"పొంగాయి!" అని కేక పెట్టారు రిజిస్ట్రార్ గారు. ఉద్గమమూ లేదు, క్షీరమూ లేదు. పిల్లవాడిలా రెండు చేతులూ ఎత్తి, "పొంగాయి! పొంగాయి! నేను చూశాను!" అన్నారు. ఇందుమతి ఈసారి నిజంగానే చప్పట్లు కొట్టింది. కోటిలింగం గారు కూడా కొట్టి, వెంటనే చేతులు వెనక్కి దాచుకున్నారు. వరహాలమ్మ మిగిలిన పాలలో పంచదార వేసి గ్లాసుల్లో పోసింది. మొదటి గ్లాసు ఆయనకే.

వారు బోర్లించిన బకెట్టు మీద సర్టిఫికెట్టు పరిచి సంతకం చేశారు. పాల తడి తగిలి సంతకంలో చివరి అక్షరం కొద్దిగా చెదిరింది. వారు దాన్ని చూసి, మరో ప్రతి తయారు చేయించాలా అని ఆలోచించడం మొదలుపెట్టేలోగా సుభాషిణి కాగితం అందుకుంది.

"జాగ్రత్తమ్మా," అన్నారు రిజిస్ట్రార్ గారు, కాగితం అడుగున ఎర్రటి అక్షరాలు చూపిస్తూ. "ఈ పత్రమును మడవరాదు అని ఉంది."

"చూశాను సార్," అంది సుభాషిణి.

కాగితాన్ని మధ్యకు మడిచి, ఆ మడతను మళ్లీ మడిచి, చేతి సంచి లోపలి అరలో పెట్టి జిప్పు లాగింది. పెట్టె అందుకుని మెట్లు దిగింది.